సెరాంపూర్ బి.డి. అంటే ఏమిటి? అది నిజంగా యూనివర్సిటీయేనా?

మీరు అడిగింది ఇదీ. మీ తమ్ముడికి హైదరాబాద్‌లో ఒక థియాలజీ (క్రైస్తవ దైవశాస్త్రం) కాలేజీలో బి.డి., అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, సీటు వచ్చింది. డిగ్రీ మాత్రం "సెరాంపూర్ యూనివర్సిటీ" ఇస్తుందట. మీ సంఘంలో ఒక పెద్దాయన అది డెన్మార్క్ రాజు పెట్టించిన యూనివర్సిటీ అంటే, ఇంకొకాయన అసలు అలాంటి యూనివర్సిటీయే లేదు, డబ్బు తగలేసుకోకండి అన్నారు. ఎవరి మాట నమ్మాలి, ఆ డిగ్రీ చెల్లుతుందా అన్నది మీ సందేహం.

ముందు సమాధానం చెప్పేస్తాను. సెరాంపూర్‌కు డిగ్రీలు ఇచ్చే అధికారం నిజంగానే ఉంది. అది 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో (హక్కు పత్రంతో) వచ్చింది, 1918 నాటి బెంగాల్ చట్టంతో గట్టిపడింది. కానీ మీరనుకునే యూనివర్సిటీ, అంటే పెద్ద గేటు, క్యాంపస్, పదిరకాల డిపార్ట్‌మెంట్లు, అలాంటిది అక్కడ లేదు. అది ఇచ్చేది థియాలజీ డిగ్రీలు మాత్రమే. కాబట్టి పెద్దాయన చెప్పింది నిజమే, రెండో ఆయన అనుమానానికీ కారణం ఉంది. చర్చి సేవకు, పై థియాలజీ చదువులకు ఈ డిగ్రీ బాగా చెల్లుతుంది. ప్రభుత్వ ఉద్యోగం కోసమైతే దీన్ని నమ్ముకోవద్దు.

నేను సెరాంపూర్ సెనేట్‌కు (డిగ్రీలు, పరీక్షలు చూసే మండలికి) అనుబంధంగా ఉన్న కాలేజీలో చాలా ఏళ్లు సంఘ చరిత్ర బోధించాను, వాళ్ల పేపర్లు దిద్దాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

కలకత్తాకు ఎగువన, హుగ్లీ నది పడమటి ఒడ్డున ఉన్న ఊరు శ్రీరాంపూర్. ఇంగ్లీషువాళ్ల నోట్లో అది సెరాంపూర్ అయింది, మన పాస్టర్లందరూ అలాగే అంటారు. 1755 నుంచి అది డేనిష్ వాళ్ల చేతిలో ఉండేది. నదికి అవతల బారక్‌పూర్, అక్కడ ఈస్టిండియా కంపెనీ దండు. కంపెనీకి అప్పట్లో మిషనరీలంటే పడదు, తమ ప్రాంతంలో అడుగుపెట్టనిచ్చేది కాదు. 1799లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన జోషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అందుకే నేరుగా డేనిష్ రేవులో దిగారు. కంపెనీ ఒత్తిడి తెచ్చినా అక్కడి డేనిష్ గవర్నర్ ఓలే బీ వాళ్లను అప్పగించలేదు. అప్పటికే బెంగాల్‌లో ఉన్న విలియం కేరీ 1800 జనవరిలో వచ్చి వాళ్లతో కలిశాడు. కేరీ ఇంగ్లండ్‌లో చెప్పులు కుట్టి బతికినవాడు, వార్డ్ ప్రెస్సు పనివాడు, మార్ష్‌మన్ బడిపంతులు. ముగ్గురూ బాప్టిస్టులు. సంపాదనంతా ఒకే పెట్టెలో వేసి, ఒకే ఇంట్లో ఉండేవారు. కలకత్తాలో కంపెనీ అధికారులకు దేశభాషలు నేర్పే ఫోర్ట్ విలియం కాలేజీలో కేరీ జీతం, మార్ష్‌మన్ దంపతులు నడిపిన బోర్డింగు స్కూళ్ల ఫీజులు, ప్రెస్సు రాబడి, అన్నీ ఆ పెట్టెలోకే. ఆ డబ్బుతోనే 1818లో కాలేజీ మొదలుపెట్టారు.

ఈ కాలేజీ స్వభావం అర్థం కావాలంటే ఆ తొలి ప్రణాళిక చూడాలి. పాస్టర్లను తయారు చేసే బైబిల్ స్కూలు పెట్టడం వాళ్ల ఉద్దేశం కాదు. ఆసియా యువకులకు, క్రైస్తవులకైనా కాకపోయినా, తూర్పుదేశాల సాహిత్యం, యూరప్ సైన్సు రెండూ నేర్పాలన్నది లక్ష్యం. మొదట్లో చేరిన 37 మందిలో హిందువుల పిల్లలు కూడా ఉన్నారు. సంస్కృతం నేర్పారు, పాఠం బెంగాలీలో చెప్పారు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన జాన్ మాక్ కెమిస్ట్రీ చెప్పేవాడు. 1834లో ఆయన రాసిన రసాయన శాస్త్ర పాఠ్యపుస్తకం బెంగాలీలో అచ్చయింది. కులం, రంగు, దేశం ఏదీ ప్రవేశానికి అడ్డు కాకూడదని 1833 నాటి కాలేజీ నిబంధనల్లోనే రాసుకున్నారు. రోమన్ కాథలిక్కులనూ ఆర్మీనియన్లనూ కూడా చేర్చుకోవచ్చన్నారు, ఎవరితోనూ ప్రమాణాలు చేయించకూడదన్నారు. అయితే కాలేజీని నడిపే కౌన్సిల్‌లో మాత్రం క్రీస్తు దైవత్వాన్ని నమ్మేవాళ్లే ఉండాలి. పెత్తనం చర్చిది, తలుపు అందరికీ తెరిచి ఉంటుంది అన్న ఈ ఏర్పాటు అక్కడ నేటికీ కనిపిస్తుంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. కాలేజీకి విరాళాల కోసం వార్డ్ అమెరికా దాకా వెళ్లాడు. అక్కడివాళ్లు డబ్బు ఇచ్చారుగానీ, అది థియాలజీకే వాడాలి, సైన్సు పాఠాలకు కాదు అని మెలిక పెట్టారు. కేరీకి ఒళ్లు మండింది. ఇంత సంకుచితమైన మాట నేనెప్పుడూ వినలేదు, సైన్సు రాకుండా సేవకుణ్ణి ఎలా తయారు చేస్తారు అన్న అర్థంలో ఘాటుగా జవాబు రాశాడు. మా క్లాసులో ఈ ఉత్తరం సంగతి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు, "మరి మాకు సైన్సు పేపరేది సార్?" అని అడిగేవారు. న్యాయమైన ప్రశ్నే.

డెన్మార్క్ రాజు సంగతికి వద్దాం. మార్ష్‌మన్ యూరప్ వెళ్లినప్పుడు కోపెన్‌హాగెన్‌లో ఆరవ ఫ్రెడరిక్ రాజును కలిసి చార్టర్ సంపాదించాడు. దాని తేదీ 1827 ఫిబ్రవరి 23. దాంతో కోపెన్‌హాగెన్, కీల్ యూనివర్సిటీల మాదిరిగా డిగ్రీలిచ్చే హక్కు ఈ చిన్న కాలేజీకి వచ్చింది. కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు పుట్టింది 1857లో. అంటే వాటికంటే 30 ఏళ్ల ముందే హుగ్లీ ఒడ్డున ఒక కాలేజీ చేతిలో ఆ హక్కు ఉంది.

అయితే ఆ హక్కును సుమారు 88 ఏళ్లపాటు ఎవరూ వాడలేదు. చాలామంది ఈ ముక్క చెప్పకుండా వదిలేస్తారు. "ఆసియాలోనే మొదటి యూనివర్సిటీ" అని బ్యానర్లు కట్టుకోవడానికి ఇది అడ్డం కదా.

ఎందుకు వాడలేదంటే కారణాలు చాలా ఉన్నాయి. వార్డ్ 1823లోనే కలరాతో పోయాడు. 1827లోనే ఇంగ్లండ్‌లోని మిషన్ సొసైటీతో తగవు ముదిరి విడిపోవాల్సి వచ్చింది. 1830 తర్వాత కలకత్తాలో పెద్ద పెద్ద వ్యాపార కొఠీలు వరసగా దివాలా తీశాయి, వాటిలో దాచుకున్న డబ్బు పోయింది. 1834లో కేరీ, 1837లో మార్ష్‌మన్ చనిపోయారు. ఈలోగా 1830లో అలెగ్జాండర్ డఫ్ కలకత్తాలో ఇంగ్లీషు మీడియం బడి తెరిచాడు, జనం అటు పరిగెత్తారు. దేశభాషలో చదువు అన్న సెరాంపూర్ పద్ధతి వెనకబడింది. 1845లో డేనిష్ వాళ్లు తమిళ తీరంలోని తమ ట్రాంకెబార్‌నూ శ్రీరాంపూర్‌నూ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు కంపెనీకి అమ్మేశారు. ఆ ఒప్పందంలో ఒక షరతు రాయించారు: సెరాంపూర్ కాలేజీకి రాజు ఇచ్చిన హక్కులు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చినట్టే కొనసాగాలి. ఈ ఒక్క షరతు లేకపోతే ఇవాళ మీరు ఈ ప్రశ్న అడిగే అవసరమే ఉండేది కాదు.

తర్వాత కాలేజీ 1857లో కలకత్తా యూనివర్సిటీ కిందికి వెళ్లింది. 1883లో ఆర్ట్స్ విభాగాన్నే మూసేశారు, దాన్ని మళ్లీ తెరిచింది చాలా ఏళ్ల తర్వాతే. చార్టర్‌కు మళ్లీ ప్రాణం వచ్చింది 20వ శతాబ్దం మొదట్లో జార్జ్ హోవెల్స్ ప్రిన్సిపల్‌గా వచ్చాక. ప్రభుత్వం మత విషయాల్లో తటస్థంగా ఉండాలి కాబట్టి మన యూనివర్సిటీలేవీ క్రైస్తవ థియాలజీలో డిగ్రీ ఇచ్చేవి కావు. దేశంలో ఇన్ని సెమినరీలు (పాస్టర్లను తయారుచేసే కాలేజీలు) ఉండి, చదివినవాడికి చేతిలో డిగ్రీ లేదు. మరి ఆ హక్కున్న చార్టర్ ఇంట్లోనే ఉంది కదా అని హోవెల్స్ దాన్ని బయటికి తీశాడు. 1915లో మొదటి బి.డి. డిగ్రీలు ఇచ్చారు.

అప్పుడు మిగతా మిషన్లు ఒక అడ్డు చెప్పాయి. ఇది బాప్టిస్టుల కాలేజీ, లూథరన్లమూ ఆంగ్లికన్లమూ మా పిల్లల్ని వీళ్ల చేతిలో ఎలా పెడతాం అని. దానికి జవాబే 1918 నాటి సెరాంపూర్ కాలేజీ చట్టం. కౌన్సిల్‌లోకి ఇతర చర్చిల వాళ్లను తీసుకున్నారు. చదువు, పరీక్షలు, డిగ్రీల వ్యవహారం చూడటానికి వేరుగా సెనేట్ ఏర్పాటు చేశారు. మీ తమ్ముడి డిగ్రీ కాగితం మీద ఉండేది ఈ సెనేట్ పేరే. ఇవాళ మన దేశంలోనూ ఇరుగుపొరుగు దేశాల్లోనూ ఉన్న పదుల సెమినరీలు దీనికి అనుబంధం. మన ఇంటర్ బోర్డు ఎలాగో ఇదీ అలాగే అనుకోండి: కాలేజీలు ఎక్కడెక్కడో, సిలబస్ ఒకటే, ప్రశ్నపత్రం ఒకటే. ఐజ్వాల్‌లో మిజో కుర్రాడు, కొట్టాయంలో సిరియన్ క్రైస్తవ కుర్రాడు, హైదరాబాద్‌లో మీ తమ్ముడు ఒకే పేపరు రాస్తారు. ఎవరి పేపరు ఎవరు దిద్దుతారో తెలియదు. స్నాతకోత్సవం కూడా ఒకే చోట ఉండదు, ఏడాదికో ఊళ్లో ఒక్కో కాలేజీ ఆతిథ్యంలో జరుగుతుంది.

మరి శ్రీరాంపూర్‌లో ఏముంది? హౌరాలో బర్ధమాన్ వైపు లోకల్ రైలెక్కితే గంటలోపే దిగొచ్చు. నది ఒడ్డున ఎత్తైన స్తంభాలతో పాత భవనం, కేరీ పేరున లైబ్రరీ, పక్కన సెనేట్ ఆఫీసు. క్యాంపస్‌లో తిరిగేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల బెంగాలీ పిల్లలు, బి.ఎస్.సి.కో బి.ఏ.కో వచ్చేవాళ్లు. వాళ్లకు డిగ్రీ ఇచ్చేది కలకత్తా యూనివర్సిటీ, సెరాంపూర్ కాదు. అదే ఆవరణలో ఉన్న థియాలజీ విభాగం వాళ్లకు మాత్రం సెనేట్ డిగ్రీ వస్తుంది. మీ సంఘంలో రెండో ఆయన తికమక బహుశా ఇక్కడే మొదలై ఉంటుంది. బెంగాల్‌లో ఎవరినైనా "సెరాంపూర్ యూనివర్సిటీ" అని అడిగితే, అది కలకత్తా యూనివర్సిటీ కింది కాలేజీ కదా అనే అంటారు.

మన తెలుగువాళ్లకు ఈ ఊరితో చుట్టరికం పాతది. విశాఖపట్నంలో లండన్ మిషన్ తరఫున పనిచేసిన అగస్టస్ డిగ్రాంజ్, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో తెలుగులోకి తెచ్చిన సువార్తలు 1812లో అచ్చయింది సెరాంపూర్ ప్రెస్సులోనే. ఆ ఏడాది మార్చిలోనే ప్రెస్సు తగలబడింది, ఎన్నో భాషల అచ్చులూ రాతప్రతులూ బూడిదయ్యాయి. అయినా 1814లో కేరీ తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడ్డాయి. ఆ వ్యాకరణంలో కేరీ దక్షిణాది భాషలు కూడా సంస్కృతం లోంచే పుట్టాయన్నాడు. 1816లో మద్రాసులో కంపెనీ ఉద్యోగి కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం వచ్చినప్పుడు, దానికి మరో కంపెనీ అధికారి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ రాసిన ముందుమాట ఆ వాదాన్ని కొట్టిపారేసింది. ద్రావిడ భాషల కుటుంబం అన్న ఆలోచనకు అక్కడ పునాది పడింది. సెరాంపూర్ వాళ్లు దీన్ని పెద్దగా చెప్పుకోరనుకోండి.

హైదరాబాద్ లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరున్న ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ సెనేట్ అనుబంధ కాలేజీల్లో మన వైపు బాగా తెలిసినది. రాజమండ్రి లూథర్‌గిరి, రామాయపట్నం, కాకినాడ, డోర్నకల్ సెమినరీలు కలిసి 1964లో రాజమండ్రిలో దాన్ని మొదలుపెట్టాయి. 1970లలో హైదరాబాద్‌కు మారింది. లూథరన్లు, బాప్టిస్టులు, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లు ఒకే క్లాసులో కూర్చునే చోటు అది. అక్కడ ప్రిన్సిపల్‌గా చేసిన విక్టర్ ప్రేమసాగర్ గారు తర్వాత మెదక్ బిషప్, సి.ఎస్.ఐ. మోడరేటర్ (ఆ సంఘానికి పెద్ద) అయ్యారు.

ఇక మీ తమ్ముడికి పనికొచ్చే మాటలు.

మొదటి ఏడాది ఇంగ్లీషుతో, గ్రీకుతో అవస్థ తప్పదు. బి.డి. ఇంగ్లీషులోనే ఉంటుంది. దేశభాషలో చదువు చెప్పాలని పుట్టిన కాలేజీ పేరు మీద ఇలా జరగడం నాకెప్పుడూ మింగుడుపడలేదు. తెలుగులో చదివి పరీక్ష రాసే వీలు బి.టి.హెచ్. (బి.డి.కి కింది థియాలజీ డిగ్రీ) స్థాయిలో ఉండేది. కోస్తా పల్లెల నుంచి తెలుగు మీడియంలో చదివి వచ్చిన కుర్రాళ్లను చాలామందిని చూశాను. ప్రసంగం మొదలుపెడితే గంటసేపు అనర్గళంగా చెప్పగలరు, అదే విషయం రెండు పేజీల వ్యాసంగా రాయమంటే పెన్ను కదలదు. గ్రీకు క్లాసులో మొదటి క్రియ "లూఓ", విప్పుతాను అని అర్థం. దాని రూపాలన్నీ పట్టిక గీసుకుని బాత్రూం తలుపుకు అంటించుకున్న విద్యార్థి ఒకడుండేవాడు మా హాస్టల్లో. క్రిస్మస్ సెలవులకల్లా వాడే మిగతావాళ్లకు నేర్పేవాడు. ఒకసారి దారి చిక్కితే మనవాళ్లకు గ్రీకు విభక్తులు పెద్ద కష్టం కాదు, తెలుగులో విభక్తులు పుట్టినప్పటి నుంచి వాడుతున్నాం కదా.

రెండోది, విశ్వాసం మీద దెబ్బ పడిందనే భయం. "సెరాంపూర్ చదివితే భక్తి పోతుంది" అన్న మాట మీరూ వినే ఉంటారు. పాత నిబంధన క్లాసులో మొదటి ఐదు పుస్తకాలను మోషే ఒక్కడే రాశాడా, వేర్వేరు కాలాల మూలాలు కలిశాయా అని చర్చిస్తారు. ఆదివారం బడిలో నేర్చుకున్నది కదిలినట్టుంటుంది. కొందరు సెలవుల్లో ఇంటికెళ్లి ఇదంతా సంఘం ముందు చెప్పేసి అయ్యగారి చేత చీవాట్లు తింటారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఆ ప్రశ్నలు వినకుండా పాస్టరైతే, రేపు సంఘంలో డిగ్రీ చదివిన కుర్రాడు అవే అడిగినప్పుడు నోరు పెగలదు. క్లాసులోనే వినడం మేలు. కానీ దీన్ని ఇష్టపడని చర్చిలున్నాయి, వాళ్ల ఇష్టం వాళ్లది. అలాంటి చర్చి మీ తమ్ముణ్ణి పంపుతుంటే ముందే మాట్లాడుకోండి.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. దళితుల అనుభవం నుంచి బైబిల్‌ను చదివే దళిత థియాలజీ ఈ సెనేట్ కాలేజీల్లోనే పెరిగింది. అరవింద్ నిర్మల్ 1981లో బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో చేసిన ప్రసంగంతో మొదలై, తర్వాత మద్రాసులోని గురుకుల్ లూథరన్ థియాలజీ కాలేజీలో అది ఒక విభాగమే అయింది. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లే. తాతలు ఎందుకు బాప్తిస్మం తీసుకున్నారు, చర్చిలోకి వచ్చాక కూడా కులం ఎందుకు పోలేదు అన్న ప్రశ్నలకు సిలబస్‌లో చోటు దొరకడం చిన్న విషయం కాదు. ఈ పేపర్ల జవాబులు దిద్దేటప్పుడు మాత్రం నాకు ఎన్నడూ నిద్ర రాలేదు. కుర్రాళ్లు బట్టీ కొట్టింది పక్కనపెట్టి, తమ వాడ గురించి రాసేవారు.

డిగ్రీ చెల్లుబాటు. సి.ఎస్.ఐ., లూథరన్, బాప్టిస్టు, మెథడిస్టు చర్చిల్లో గురువుగా (పాస్టరుగా) అభిషేకానికి సెరాంపూర్ బి.డి.కి మంచి విలువ ఉంది. బి.డి. తర్వాతి మాస్టర్స్ డిగ్రీ ఎం.టి.హెచ్.కు, విదేశీ సెమినరీలకు కూడా. మామూలు యూనివర్సిటీలో ఎం.ఏ.లో చేరాలన్నా, ఉద్యోగానికి డిగ్రీగా చూపాలన్నా ఎక్కడికక్కడే మారుతుంది. నా విద్యార్థి ఒకడు ఫిలాసఫీ ఎం.ఏ.కు దరఖాస్తు పెట్టాడు. ఒక ఆఫీసులో ఇది మామూలు డిగ్రీతో సమానమనే ధ్రువపత్రం తెమ్మన్నారు, ఇంకో ఆఫీసులో ఈ చార్టరేమిటో మాకు తెలియదన్నారు. కాగితాలు తిరిగి తిరిగి వచ్చేలోపు ఆ ఏడాది అడ్మిషన్లు అయిపోయాయి. ఈ 1918 చట్టం యూనివర్సిటీలను చూసే యు.జి.సి. పుట్టకముందుది, గుమాస్తాలకు అలవాటు లేనిది. అందుకని మీ తమ్ముడికి ముందే మామూలు బి.ఏ.నో బి.కాం.నో ఉంటే మంచిది. లేకపోతే దూరవిద్యలో అయినా ఒకటి చేయమనండి.

పాస్టర్లలో ఇంకో రకం "డిగ్రీలు" తిరుగుతున్నాయి. హోటల్ హాల్లో గౌను తొడిగి, ఫొటో తీసి, "డాక్టర్" అని పిలుస్తారు. వాటికీ సెరాంపూర్‌కూ ఏ సంబంధమూ లేదు. అలాగే ఆసియా థియలాజికల్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న సెమినరీలు వేరు. అక్కడ డిగ్రీ ఇచ్చేది ఆ కాలేజీయే, అసోసియేషన్ ఇచ్చేది గుర్తింపు మాత్రమే. వాటిలో మంచివి ఉన్నాయి, కానీ దాన్నీ దీన్నీ కలిపి చూడొద్దు.

ఫీజు కట్టే ముందు ఒక పని చేయండి. సెనేట్ అనుబంధ కాలేజీల జాబితాలో ఆ కాలేజీ పేరు ఉందో లేదో, ఉంటే ఏ కోర్సుకు అనుబంధం ఉందో చూడండి. కొన్ని కాలేజీలకు కింది కోర్సుకే ఉంటుంది, బి.డి.కి ఉండదు. బోర్డు మీద మాత్రం "సెరాంపూర్" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. సందేహముంటే సెనేట్ రిజిస్ట్రార్ ఆఫీసుకు ఉత్తరం రాసి, జవాబు కాగితం మీదే తెప్పించుకోండి. తర్వాత లైబ్రరీ ఎలా ఉంది, గ్రీకు, హీబ్రూ చెప్పే మాస్టార్లు కాలేజీలోనే ఉంటారా లేక వారానికోసారి వచ్చిపోతారా కనుక్కోండి. సిలబస్, పరీక్ష అన్నిచోట్లా ఒకటే కాబట్టి తేడా వచ్చేదంతా ఇక్కడే. మీ తమ్ముడు చేరబోయే కాలేజీ పేరు చెబితే, ఏయే సంగతులు అడగాలో ఇంకా వివరంగా రాస్తాను.